మా ట్యాంక్‌లో చేపలు ఒక్క రాత్రిలో ఎందుకు చచ్చిపోయాయి?

పోయిన మే నెలలో ఒక ఆదివారం పొద్దున్న ఆరింటికి నాన్నమ్మ నన్ను లేపింది. "నాన్నా, నీ చేపలకి ఏటయిందోరా, ఓసారి లేచి చూడు" అంది. కళ్లు నులుముకుంటూ హాల్లోకి వెళ్లి చూస్తే ఏడు చేపల్లో నాలుగు చచ్చిపోయి ఉన్నాయి. మిగిలిన మూడు నీళ్ల పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. రాత్రి పదకొండింటికి పడుకునే ముందు చూసినప్పుడు అన్నీ హాయిగా తిరుగుతున్నాయి.

ఆ ఏడు గంటల్లో ఏం జరిగిందో నేను ఎలా కనిపెట్టానో చెప్పడానికే ఈ వ్యాసం. ఉప్పునీటి అక్వేరియం ఉన్నవాళ్లు మన కాలేజీలో పెద్దగా ఉండరని తెలుసు. కానీ రాత్రి బాగున్నది పొద్దున్నకి పాడైపోతే కంగారులో మనం చేసే తప్పులు చేపలైనా, ప్రాజెక్టులైనా ఒకటే. ఆ రోజు నేను వాటన్నిటినీ ఒకే గంటలో చేశాను. అందులో ఒకటి మాత్రం చేపల విషయంలో కాదు.

ముందు ట్యాంక్ గురించి

మా ఇల్లు వైజాగ్‌లో. హాల్లో మూడడుగుల గాజు ట్యాంక్ ఉంది. రాళ్లు, ఇసుక పోగా దాదాపు 150 లీటర్ల నీళ్లు పడతాయి. సముద్రం దగ్గరే కదా, బిందెలతో తెచ్చి పోసుకోవచ్చుగా అని అందరూ అడుగుతారు. ఒడ్డు దగ్గర నీళ్లలో ఏం కలిసి ఉంటుందో మనం చెప్పలేం. అందుకే ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలిపి వాడతాను. వంట ఉప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లాంటివి కూడా కావాలి.

అందులో రెండు క్లౌన్ చేపలు, మూడు ఆకుపచ్చ క్రోమిస్‌లు, ఒక కోరల్ బ్యూటీ, ఒక బ్లెన్నీ ఉండేవి. ఇవి కాక ఎర్రచారల క్లీనర్ రొయ్య ఒకటి, కొన్ని నత్తలు. గాజు అంచుకి తగిలించే ఫిల్టర్ ఒకటి నీళ్లని పైకి లాగి మళ్లీ జలపాతంలా ట్యాంక్‌లోకి వదులుతుంది. రాళ్ల వెనక వేవ్‌మేకర్ అనే చిన్న మోటారు నీళ్లని కదుపుతూ ఉంటుంది. ట్యాంక్ వయసు ఏడాది. అంతకు ముందు మూడు నెలల్లో కొత్త చేపని వేయలేదు.

మొదటి గంటలో నేను చేసిన పనులు

ఒక్క మంచి పని చేశాను. టెస్ట్ కిట్ తీసి నీళ్లు చూసి, అంకెలు ఫోన్‌లో రాసుకున్నాను. అమ్మోనియా 0.5, పీహెచ్ 7.7, వేడి 30 డిగ్రీలు. మామూలుగా మా ట్యాంక్‌లో అమ్మోనియా సున్నా, పీహెచ్ 8.2 ఉంటాయి.

అమ్మోనియా కనిపించగానే కేసు తేలిపోయిందనుకున్నా. మేత ఎక్కువైతే అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. "నిన్న మేత ఎవరు వేశారు?" అని అరిచాను. "నేనేరా. ఆకలేసిందేమో అని ఇంకో చిటికెడు వేశాను. అది కాదురా, రాత్రి..." అని నాన్నమ్మ ఏదో చెప్పబోయింది. "నీకెన్నిసార్లు చెప్పాలి నాన్నమ్మా! నువ్వే చంపేశావ్ వాటిని" అనేశాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. వంటింట్లోకి వెళ్లిపోయింది.

తరవాత ఫిల్టర్, వేవ్‌మేకర్ ప్లగ్గులు పీకి, చచ్చిపోయిన చేపల్ని తీశాను. బకెట్లో గబగబా ఉప్పు కలిపి సగం నీళ్లు మార్చేశాను. అమ్మోనియాని కట్టేసే మందు పోశాను. ఎప్పుడో కొన్న బ్యాక్టీరియా మందు కూడా వేశాను. ఫిల్టర్ దూది మురిగ్గా ఉందని కుళాయి కింద కడిగి పెట్టాను. ప్లగ్గులు మళ్లీ పెడితే ఫిల్టర్‌లోంచి నీళ్లు ధారగా పడ్డాయి. హమ్మయ్య అనుకున్నా.

మధ్యాహ్నానికి మిగిలిన మూడింటిలో ఒక క్రోమిస్ చచ్చిపోయింది. అది రాత్రి దెబ్బకే పోయిందా, నేను హడావుడిగా కలిపిన నీళ్లకి పోయిందా, మందుకి పోయిందా? ఇప్పటికీ చెప్పలేను. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది ఏం చేసిందో ఎవరూ చెప్పలేరు.

మావయ్య ప్రశ్నలు

సాయంత్రం అమ్మ మావయ్యకి ఫోన్ కలిపి ఇచ్చింది. మావయ్యకి భీమవరం దగ్గర చేపల చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె పెంచుతాడు. మా ట్యాంక్‌ని "నీ గాజు చెరువు" అని ఎగతాళి చేస్తాడు. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

"ఎప్పుడు పోయాయిరా అల్లుడూ? పగలా, తెల్లారుజామునా?"

"రాత్రి బాగానే ఉన్నాయి మావయ్యా. పొద్దున్న ఆరింటికి చూస్తే పోయాయి."

"పెద్దవి ముందు పోయాయా, చిన్నవా?"

అప్పుడు ఆలోచించాను. పోయినవి కోరల్ బ్యూటీ, బ్లెన్నీ, క్లౌన్లలో పెద్దది, క్రోమిస్‌లలో పెద్దది. మిగిలినవన్నీ చిన్నవే.

"బతికినవి అడుగున ఉన్నాయా, పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా? నీ రొయ్య ఎలా ఉంది?"

చేపలు పైన ఉన్నాయి. రొయ్య బతికే ఉంది, అదీ నీటి అంచు దగ్గరే గాజుకి అతుక్కుని ఉంది. నత్తలు కూడా పైకి పాకాయి.

"అయితే మందు గొడవ కాదు. విషం పడితే ముందు పోయేది రొయ్యే. నీ నీళ్లలో గాలి అయిపోయిందిరా. రాత్రి ఏదో ఆగిపోయింది, చూసుకో."

"ఏదీ ఆగలేదు మావయ్యా. అన్నీ తిరుగుతున్నాయి."

"ఇప్పుడు తిరుగుతున్నాయి. అప్పుడు తిరిగాయా?"

నా దగ్గర జవాబు లేదు. పొద్దున్న ప్లగ్గులు పీకి, నీళ్లు పోసి, మళ్లీ పెట్టింది నేనే. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయితే ముందు రీస్టార్ట్ కొట్టే అలవాటే ఇక్కడా వచ్చింది. రీస్టార్ట్ చేస్తే పని నడుస్తుంది, ఎందుకు ఆగిందో చెప్పే ఆనవాలు మాత్రం పోతుంది.

అనుమానితులు ఒక్కొక్కరుగా

ఉప్పునీటి చేపలు రాత్రికి రాత్రి పోతే సాధారణంగా అనుమానించాల్సినవి ఐదు. ప్రతిదీ తన గుర్తులు వదిలి వెళ్తుంది.

ఒకటి, ఆక్సిజన్. 27 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. అదే వేడిలో సముద్రపు నీటిలో దాదాపు 6.5 మాత్రమే. వేడి పెరిగే కొద్దీ ఇంకా తగ్గుతుంది. అంటే వేసవిలో ఉప్పునీటి ట్యాంక్‌కి మిగులు నిల్వ చాలా తక్కువ. నీళ్లలోకి ఆక్సిజన్ వచ్చేది ముఖ్యంగా పైతలం నుంచి. ఆ తలం కదులుతూ ఉంటేనే అది కిందకి చేరుతుంది. లైటు ఆరాక నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వడం మానేసి తీసుకోవడం మొదలుపెడుతుంది. రాళ్లలోని బ్యాక్టీరియా ఎలాగూ తీసుకుంటూనే ఉంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. మావయ్యవాళ్లు రాత్రిళ్లు ఏరియేటర్లు తిప్పేదీ, చీకటితో లేచి చెరువు గట్టు మీదకి వెళ్లేదీ ఇందుకే. గుర్తులు: చావులు తెల్లవారుజామున, పెద్ద చేపలు ముందు, బతికినవి పైతలం దగ్గర.

రెండు, అమ్మోనియా. చేపల వ్యర్థం, మిగిలిన మేత కుళ్లితే ఇది వస్తుంది. రాళ్లలో, ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియా దీన్ని ముందు నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంక్‌లో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపు చేపలు వేసేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. ఇంకో విషయం ఏంటంటే, అమ్మోనియా ఎంత విషమో పీహెచ్ మీద ఆధారపడి ఉంటుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే దానిలో విషపు రూపం వాటా దాదాపు పది రెట్లు పెరుగుతుంది.

మూడు, బయటి విషం. కుళాయి నీళ్లలో క్లోరిన్, గదిలో కొట్టిన దోమల స్ప్రే, గోడకి వేసిన పెయింట్, తుప్పు పట్టిన క్లిప్పులు, రాగి కలిసిన చేపల మందులు. పురుగుమందుకీ, రాగికీ రొయ్యలు చేపలకంటే చాలా తొందరగా చచ్చిపోతాయి. రొయ్య బాగుండి చేపలు మాత్రమే పోతే వీటి మీద అనుమానం తగ్గించుకోవచ్చు.

నాలుగు, ఉప్పదనం, వేడి. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి రోజూ తగ్గిన మేరకి ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి. సాంద్రత 1.025 దగ్గర ఉంటే సముద్రంతో సమానం. ఈ మార్పు మామూలుగా నెమ్మదిగా వస్తుంది. నీళ్లు మార్చిన రోజు మాత్రం ఒక్కసారిగా రావచ్చు.

ఐదు, జబ్బు. ఒళ్లంతా ఉప్పు కల్లు అద్దినట్టు తెల్ల చుక్కలుంటే అది మెరైన్ ఇచ్. సన్నటి బంగారు రంగు పొడి చల్లినట్టు ఉండి, చేప వెలుతురుకి దూరంగా పోతూ ఎగశ్వాస తీస్తుంటే అది వెల్వెట్. వెల్వెట్ కొద్ది రోజుల్లోనే ట్యాంక్ ఖాళీ చేసేస్తుంది. అయినా ముందు ఒకటి రెండు రోజులైనా గుర్తులు కనిపిస్తాయి. ఎక్కువగా కొత్త చేపతో వస్తుంది. అందుకే కొత్తదాన్ని నాలుగైదు వారాలు వేరే తొట్టిలో ఉంచాలంటారు.

ఫోన్‌లో రాసుకున్న అంకెలు మళ్లీ తీశాను. అమ్మోనియా 0.5 నిజమే. కానీ పీహెచ్ 7.7 దగ్గర అందులో విషపు రూపం నూటికి నాలుగైదు వంతులకి మించదు. అంత కొంచెం ఒక్క రాత్రిలో నాలుగు చేపల్ని చంపదు. మరి అమ్మోనియా ఎక్కడిది? చచ్చిపోయిన చేపల నుంచే. నేను కారణం అనుకున్నది ఫలితం! పీహెచ్ ఎందుకు పడిపోయింది? నీళ్లు కదలక కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేదు. అది పేరుకుంటే పీహెచ్ తగ్గుతుంది. అంటే అసలు సాక్ష్యం పొద్దున్నే నా ఫోన్‌లో ఉంది. నేను నాకు కావలసిన అంకె ఒక్కటే చదివాను.

ఏది ఆగిపోయింది?

మా లైటుకి గుండ్రటి డయల్ ఉన్న టైమర్ ప్లగ్ ఉంది. కరెంటు ఉన్నంతసేపే ఆ డయల్ తిరుగుతుంది. పోతే ఉన్నచోటే ఆగిపోతుంది. ఆ ప్లగ్ వేరే సాకెట్‌లో ఉంది కాబట్టి పొద్దున్న నేను దాన్ని పీకలేదు. రాత్రి ఎనిమిదింటికి వెళ్లి చూస్తే డయల్ ఆరూ ఇరవై చూపిస్తోంది. గంటా నలభై నిమిషాలు వెనక!

కిందకి వెళ్లి వాచ్‌మన్‌ని అడిగాను. "రాత్రి ఒంటిగంటకి పోయింది బాబూ. రెండున్నర దాటాక వచ్చింది" అన్నాడు. మాకెవరికీ తెలియలేదు, ఎందుకంటే మా ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద తిరుగుతూనే ఉన్నాయి. ట్యాంక్ సాకెట్లు ఇన్వర్టర్ లైన్ మీద లేవు. మేం హాయిగా పడుకున్నాం.

కానీ రెండు నలభైకి కరెంటు వచ్చింది కదా? గంటా నలభై నిమిషాలు తట్టుకుని ఉండాలి కదా? దీనికి జవాబు కోసం అదే పరిస్థితి మళ్లీ తెప్పించాను. పక్కింటి వాళ్ల గాలి పంపు అరువు తెచ్చి ట్యాంక్‌లో నడుపుతూ, ఫిల్టర్ ప్లగ్ తీసి పావుగంట ఆగి మళ్లీ పెట్టాను. ఫిల్టర్ "గుయ్" మంటోంది, నీళ్లు మాత్రం పడట్లేదు! పంపు ఆగగానే గొట్టంలో నీళ్లు వెనక్కి జారిపోయాయి. ఖాళీ గొట్టంలోంచి అది నీళ్లు లాగలేదు. పొద్దున్న నేను పోసిన నీళ్లలో కొన్ని ఫిల్టర్ డబ్బాలో పడి ఉంటాయి, అందుకే అది మళ్లీ పని చేసింది.

మరి వేవ్‌మేకర్? రాళ్లు జరిపి చూశాను. వణుకుతోంది కానీ తిరగట్లేదు. విప్పితే ఇరుసు చుట్టూ తెల్లటి సున్నం పొర. తిరుగుతున్నంతసేపు ఎలాగో తిరిగింది. ఒకసారి ఆగాక మళ్లీ కదలలేకపోయింది. నెలకోసారి శుభ్రం చేయమని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను. రెండు నెలలుగా "తర్వాత గుర్తు చెయ్యి" అని నొక్కుతూ వచ్చాను.

అంటే ఒంటిగంట నుంచి ఆరింటి దాకా, మే నెల ఉక్కలో, పైన గాజు మూత కూడా ఉన్న ట్యాంక్‌లో నీళ్లు కదల్లేదు. నాన్నమ్మ వేసిన చిటికెడు మేత వల్ల ఏదో కాస్త ఆక్సిజన్ అదనంగా ఖర్చయి ఉండొచ్చు. చేపల్ని చంపింది అది కాదు. నేను శుభ్రం చేయని మోటారు.

మీకు ఇలా జరిగితే

ముందు నీళ్లని కదపండి. గాలి పంపు ఉంటే పెట్టండి, లేకపోతే చెంబుతో నీళ్లు తీసి కాస్త ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తూ ఉండండి. కారణం ఏదైనా దీనివల్ల నష్టం లేదు.

ఏదీ ముట్టుకోకముందే రెండు నిమిషాలు చూడండి. ఏది తిరుగుతోంది, ఏది ఆగింది, ఎవరు బతికున్నారు, ఎక్కడున్నారు. ఫోన్‌తో వీడియో తీయండి. ఒక సీసాలో పాత నీళ్లు పట్టి పక్కన పెట్టుకోండి. తరవాత టెస్ట్ చేయొచ్చు.

చేతులు పెట్టేముందు ప్లగ్గులన్నీ తీయండి. ఉప్పునీళ్లు కరెంటుని బాగా మోస్తాయి. ప్రతి వైరూ సాకెట్‌కి చేరే ముందు కిందకి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా పెట్టండి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క సాకెట్‌లోకి పోదు.

చచ్చిపోయినవి వెంటనే తీసేయండి. నీళ్లు మార్చాలంటే నాలుగో వంతు చాలు, అదీ ముందు రోజే కలిపి, వేడీ ఉప్పదనం సరిచూసిన నీళ్లయితేనే. ఏం జబ్బో తెలియకుండా మందు వేయొద్దు. ఫిల్టర్ దూదిని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్ మంచి బ్యాక్టీరియాని చంపేస్తుంది. ట్యాంక్‌లోంచి తీసిన పాత నీళ్లలోనే పిండండి. నేను కడిగిన పుణ్యానికి తరవాతి వారమంతా అమ్మోనియా సున్నాకి దిగలేదు.

ఇప్పుడు మా ట్యాంక్‌కి బ్యాటరీ గాలి పంపు ఉంది, కరెంటు పోగానే దానంతటదే మొదలవుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేవ్‌మేకర్ సాకెట్‌ని ఇన్వర్టర్ లైన్‌కి మార్పించాం. మోటార్లు నెలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి, కడిగి పెడుతున్నాను. సున్నం కరిగిపోతుంది. ట్యాంక్ పక్కన ఒక నోట్‌బుక్ వేలాడుతూ ఉంటుంది.

నాన్నమ్మ

ఆ రాత్రి పదింటికి నాన్నమ్మ మంచం దగ్గరికి వెళ్లాను. నీ వల్ల కాదు నాన్నమ్మా, మోటారు ఆగిపోయింది, నా తప్పే అని చెప్పాను. సారీ అనే మాట ఆవిడతో ఎప్పుడూ వాడలేదు, తెలుగులో ఏమనాలో తోచలేదు. ఊరికే పక్కన కూర్చున్నాను.

"పొద్దున్నే చెప్దామనుకున్నాన్రా" అంది. "మూడింటికి బాత్రూంకి లేచాను. రోజూ ఆ నీళ్ల చప్పుడు వినిపిస్తాది కదా. నిన్న రాత్రి లేదు. ఏటో అనుకున్నాను. చెప్పబోతే నువ్వు అరిచావు."

హాల్లో పడుకునేది ఆవిడే. ఆ పొద్దున్న "అది కాదురా, రాత్రి..." అని ఆగిపోయిన మాట అదే. నేను ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే మావయ్య ఫోనూ, టైమరూ, వాచ్‌మనూ ఏమీ అక్కర్లేదు. ఆరూ పదికే తెలిసిపోయేది. ఆ మధ్యాహ్నం పోయిన క్రోమిస్ బతికేదేమో. ఎవరి తప్పో ముందే తేల్చేస్తే, చూసినవాళ్లు కూడా చెప్పడం మానేస్తారు.

తరవాత పది రోజులు నాన్నమ్మ మేత డబ్బా ముట్టుకోలేదు. నేనే రోజూ డబ్బా ఆవిడ చేతికి ఇచ్చి వెయ్యమనేవాణ్ణి. "వద్దులే నాన్నా, నువ్వే వేసుకో" అనేది. పదకొండో రోజు తీసుకుంది. ఇప్పుడు నోట్‌బుక్‌లో నా అంకెల పక్కన ఆవిడ గుండ్రటి అక్షరాలు కూడా ఉంటాయి. "సాయంత్రం 6. ఒక చిటికెడు. చప్పుడు వస్తోంది."